సోమవారం పెట్టె

కృపాదానం మంగళవారం పెట్టెను గోడవైపు జరిపి, దాని మీద బుధవారం పెట్టెను ఎత్తి పెట్టాడు. దాంతో సోమవారం పెట్టె తలుపు దగ్గరికి వచ్చింది. ఈ గదిలో పెట్టెలు రోజుకొక అడుగు చొప్పున తలుపువైపు నడుస్తాయి. జనం తిరిగిచ్చిన పుస్తకాలు డెబ్బై రెండు గంటలు ఇక్కడ ఎవరూ తాకకుండా పడి ఉండాలి. అప్పుడే వాటికి మళ్ళీ మనుషుల చేతుల్లోకి వెళ్ళే అర్హత వస్తుంది.

ఇదివరకు ఇది పిల్లలకు కథలు చెప్పే గది. గోడ పొడవునా నీలి తిమింగలం బొమ్మ ఉంది. దాని కడుపు కింద నలభై ప్లాస్టిక్ పెట్టెలు వరసగా నిద్రపోతున్నాయి. కిటికీ రేకుల సందుల్లోంచి జూలై వెలుతురు గీతలు గీతలుగా పడి, తిమింగలం నీళ్ళలో కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ నిలబడితే కృపాదానానికి తాను కూడా నీళ్ళ అడుగున ఉన్నట్టే అనిపిస్తుంది. పుస్తకాలు ఊపిరి తీస్తున్నాయని, వాటి మీదున్న వేళ్ళ గుర్తులు ఒక్కొక్కటే మెల్లగా చచ్చిపోతున్నాయని అనుకుంటాడు. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

అతనికి యాభై ఆరేళ్ళు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు, ఎప్పుడూ తలుపు చట్రం కింద నుంచి దూరుతున్నవాడిలా. చేతులు శానిటైజర్‌కు ఎండి, వేళ్ళ కణుపుల దగ్గర పగిలాయి. గుంటూరులో ఒక కాలేజీ గ్రంథాలయంలో అటెండరుగా చేసి, నర్సు ఉద్యోగం వచ్చిన భార్య మార్తా వెనక ఈ దేశం వచ్చాడు. డబ్లిన్ పడమటి అంచున ఉన్న ఈ గ్రంథాలయానికి పన్నెండేళ్ళుగా వ్యాను నడుపుతున్నాడు.

సోమవారం పెట్టెలో, పుస్తకాల పైన, ఒక గోధుమరంగు కవరు ఉంది. అతను గోడ గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ నలభై.

బ్రాంచికి పెద్ద అయిన ఓర్లా తలుపు దగ్గర నిలబడింది. నెరిసిన పొట్టి జుట్టు, చెవికి వేలాడుతున్న మాస్కు.

"అది నువ్వు రాసుకున్న కాగితాలే కదా, కృపా. ఎవరో తిరిగిచ్చిన పుస్తకం కాదు. తీసేసుకో, గ్రాండ్, ఏం ఫరవాలేదు."

"పదీ ఇరవైకి పెట్టాను. ఇంకా నలభై నిమిషాలుంది."

"నీలాంటివాళ్ళు ఊరికి నలుగురుంటే ఈ జబ్బు విసుగొచ్చి వెళ్ళిపోయేది," అని నవ్వుకుంటూ ఆమె వెళ్ళిపోయింది.

అతను పిల్లల బల్ల మీద కూర్చుని ఆ నలభై నిమిషాలూ ఆగాడు.

కవరులో ముప్ఫై ఒక్క కాగితాలున్నాయి. గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క తెలుగు పుస్తకానికి చివర ఊడిపోయిన ఎనిమిది పేజీలకు అతను చేత్తో రాసిన నకలు అవి. ఎవరో విరాళంగా ఇచ్చిన అట్టపెట్టెలో వచ్చిన నవల అది. అట్టలు లేకపోతే ఓర్లా ఆకుపచ్చ గుడ్డతో బైండు చేయించింది. నూరేళ్ళ కిందటిది. పన్నెండేళ్ళలో దాన్ని తీసుకుపోయినవాళ్ళు ఇద్దరే. ఒకరు కృపాదానం. రెండోవారు ఆడమ్స్‌టౌన్‌లో కూతురి దగ్గర ఉంటున్న లక్ష్మీకాంతం గారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, గుండె జబ్బు. ఏప్రిల్ నుంచి గడప దాటడం లేదు. అలాంటివాళ్ళందరికీ గురువారం గురువారం పుస్తకాలు ఇంటికి చేర్చడం అతని పని.

మొదటి గురువారం అతనికి బాగా గుర్తుంది. సంచి మెట్టు మీద పెట్టి, గంట కొట్టి, గేటు దాకా వెనక్కి నడిచాడు. తలుపు తెరుచుకుంది. పొట్టి మనిషి, తెల్లటి ముడి, చీర మీద కూతురి ఉన్ని కోటు, కాళ్ళకు మేజోళ్ళు.

"తెలుగువారేనా? పేరేమిటండీ?"

చెప్పాడు. ఆవిడ హాజరుపట్టీ చదువుతున్నట్టు, "కృపాదానం," అని మెల్లగా ఒకసారి పైకి అనుకుంది. ఆ తరువాత ఒక క్షణం ఏమీ అనలేదు. ఆ క్షణం అతనికి కొత్తది కాదు. పేరు చెప్పిన ప్రతిచోటా అది అతనికోసం కాచుకుని ఉంటుంది.

"ఏ ఊరు?"

"గుంటూరు దగ్గరండి, అమ్మగారూ."

"అమ్మగారేమిటి. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. టీచరమ్మా అనండి చాలు."

పై వారం నుంచి మెట్టు పక్కనున్న పొట్టి గోడ మీద, సంచి పెట్టే చోటుకు జానెడు దూరంలో, స్టీలు గ్లాసులో కాఫీ ఉండేది. ప్రతిసారీ అదే గ్లాసు. నడుము దగ్గర చిన్న సొట్ట, పాతబడి నీలంగా మారిన మెరుపు. గ్లాసు మారకపోవడం అతను మొదటి నెలలోనే గమనించాడు. మాస్కు తీసి, మసకబారిన కళ్ళద్దాలు జేబులో వేసుకుని, తల పైకెత్తి, అంచు పెదవికి తగలకుండా కాఫీ గొంతులో పోసుకునేవాడు. వ్యానులోంచి నీళ్ళ సీసా తెచ్చి గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించేవాడు. ఒకరోజు ఆవిడ కిటికీలోంచి అడిగింది.

"కడుగుతారెందుకండీ?"

"జబ్బు రోజులు కదండి."

ఆవిడ కిటికీ మూసుకుంది.

నిజానికి ఈ రెండు మీటర్ల దూరం వచ్చాక అతనికి లోపల ఒక రకమైన సుఖం కలిగింది. అది సుఖమని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. చిన్నప్పుడు అమ్మతో నాట్లకు వెళితే మధ్యాహ్నం పెద్దింటి దొడ్లో నిలబడేవాళ్ళు. పైనుంచి నీళ్ళు పోస్తుంటే దోసిలి పట్టేవాళ్ళు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరూ చెప్పేవారు కాదు, కాళ్ళకే తెలిసేది. ఇప్పుడు దుకాణాల్లో ఆ దూరం నేల మీద పసుపు పట్టీలు వేసి మరీ చూపిస్తున్నారు. డాక్టర్లు, లాయర్లు, అందరూ వాటి మీద బుద్ధిగా నిలబడుతున్నారు. ఒక్కడే నిలబడినప్పుడు ఉన్న బరువు అందరూ నిలబడినప్పుడు లేదు. అతను ఆ దూరంలోకి దుప్పట్లోకి దూరినట్టు దూరాడు.

ఆకుపచ్చ పుస్తకం కథ కూడా అలాంటి దొడ్లోనే నడుస్తుంది. కోస్తాలో ఒక ఊరు, కలరా రోజులు. కరణం గారి ఇల్లంతా మంచాన పడితే నూకాలు అనే మంత్రసాని ఒక్కతే ఉండి అందరినీ బతికిస్తుంది. ఊరు ఆమెను పొగిడి డప్పులు కొట్టిస్తుంది. కాని ఇంట్లో అందరూ లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆమెకు మళ్ళీ దొడ్డే. ఆమె గంజి తాగే కొబ్బరిచిప్ప చూరులో దోపి ఉంటుంది. వచ్చినప్పుడు తీసుకోవాలి, తాగాక కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. కరణం గారి భార్య అది రోజూ కిటికీలోంచి చూస్తుంది. ఒక రోజు ఆవిడ లేచి వీధి తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

లక్ష్మీకాంతం గారు పద్నాలుగో ఏట ఈ పుస్తకం సగం చదివారట, అటక మీద దాక్కుని. వాళ్ళ నాన్నగారు చూసి లాక్కున్నారు.

"అరవై నాలుగేళ్ళయింది," అన్నారు జూన్‌లో, తలుపు చట్రానికి ఆనుకుని. "నన్ను భూమ్మీద వేసింది అలాంటి ఆవిడే. మా దొడ్లో నిలబడేది. మా అమ్మ తలుపు గడియ మీద ఎప్పుడూ చెయ్యి వేయలేదు. ఈ పుస్తకంలో ఆవిడైనా తీస్తుందో లేదో తెలుసుకోకుండా పోతానా అని ఉంది."

"తీయదండి."

"తీస్తుంది. పిలుస్తుంది. పందెమేనా?"

"పందెమేనండి. ఓడితే?"

"మీరు ఓడితే మీరు చదివి వినిపించాలి. నేను ఓడితే మినపసున్ని చేసి పెడతాను. కూతురు చక్కెర తగ్గించమంటుంది, వినను."

మరోవారం ఆవిడ పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని నిలబడ్డారు. శుక్లాల ఆపరేషను వాయిదా పడింది. అక్షరాలు చీమల్లా పోతున్నాయన్నారు.

"మా అమ్మాయి సుధేష్ణ ఫోన్లో వచ్చేవి చదివి వినిపిస్తుందండీ. మన పెద్దల మడి ఎంత గొప్పదో ఇప్పుడు లోకానికి తెలిసిందట, ముట్టుకోకుండా ఉండడం మనమే నేర్పామట. ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు రాస్తున్నారు. ఇదిగో, నూటపదో పేజీలో కరణం గారు అరుగు మీద కూర్చుని అచ్చం అదే మాట అంటున్నాడు, కామాతో సహా. పుస్తకం పాతదనుకున్నాను. కాదు."

అతను గేటు దగ్గర నిలబడి నవ్వాడు. ఈ మాట అవతలివైపు నుంచి ఎవరైనా అనడం అతను మొదటిసారి విన్నాడు. అయినా కాఫీ పైనుంచే పోసుకున్నాడు, గ్లాసు కడిగి బోర్లించాడు.

గుంటూరులో పాత స్నేహితుడు స్తెఫను మూతపడిన కాలేజీ గ్రంథాలయం తాళం తీయించి, వెతికి, ఆ ఎనిమిది పేజీలు ఫోటోలు తీసి పంపాడు. సంగతి చెప్పగానే టీచరమ్మ ముఖం చిన్నపిల్ల ముఖమైంది. అది పోయిన గురువారం.

"ఏముందో చెప్పకండి. వెనక తోటలో రెండు కుర్చీలు వేయిస్తాను, ఎదురెదురుగా. మీరు చదవండి, నేను వింటాను. ఇప్పుడు తోటల్లో కూర్చోవచ్చని టీవీలో చెప్పారు కూడా."

"మాకు రూలు ఒప్పుకోదండి, టీచరమ్మా. రాసి తెస్తాను. పెద్ద అక్షరాలతో."

అలాంటి రూలు లేదు. ఆవిడకూ తెలిసే ఉంటుంది. "సరే లెండి," అని తలుపు వేసుకున్నారు, చాలా నెమ్మదిగా.

శుక్ర, శని, ఆదివారాలు పొద్దున్నే లేచి వంటింటి బల్ల మీద రాశాడు, ఒక్కో అక్షరం గోరంత. నూకాలును పిలుస్తారు. పందెం అతనే ఓడిపోయాడు. కరణం గారి భార్య తలుపు బార్లా తీసి, "లోపలికి రా నూకాలూ," అంటుంది. నూకాలు గడపకేసి చాలాసేపు చూస్తుంది. "కాళ్ళు మట్టిగా ఉన్నాయమ్మా," అంటుంది. చిప్ప కడిగి చూరులో దోపి, వానలో వెళ్ళిపోతుంది. అంతే కథ. ఆ వాక్యం దగ్గర అతని కలం ఆగిపోయింది. తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

సోమవారం పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ మార్తా కాగితాలు చూసింది. బోమాంట్ వైపు ఒక ఆసుపత్రిలో కోవిడ్ వార్డు ఆమెది. మాస్కు ఒరిసి ముక్కు మీద మచ్చ పడింది.

"మా చార్టులు కూడా ఇంత ముద్దుగా రాయరు. ఇయ్యాలే పోయి ఇచ్చిరా."

"మూడు రోజులు పెట్టెలో ఉంచి ఇస్తాలే."

"ఎందుకు?"

"మన ఇంట్లోంచి పోతున్నయి కదా."

మార్తా బూటు తాడు కట్టుకుంటూ ఆగింది.

"మన ఇంట్లోంచా, నా ఒంటి మీదనుంచా? గ్యారేజీలో బట్టలు మార్చుకుని, వేడినీళ్ళు పోసుకుని లోపలికొస్తున్నా. అట్లయినా మన వీధి వాళ్ళు, ఆరోజు నర్సులకని చప్పట్లు కొట్టినంతసేపు గేటు దగ్గర నిలబెట్టి, అయిపోగానే తలుపులేసుకున్నరు. వాళ్ళంటే సరే. నువ్వు కూడానా?"

"ఆమెకి గుండె జబ్బు, మార్తా."

"జబ్బు ఆమెకి కాదయ్యా," అంది మార్తా, కోపం లేకుండా, అతని భుజం మీద ఒకసారి తట్టి వెళ్ళింది.

అయినా అతను కవరు తీసుకెళ్ళి సోమవారం పెట్టెలో పెట్టాడు. చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది. పెట్టె మూత పడినప్పుడు మనసు తేలికైంది. ఇంకా మూడు రోజులు ఎవరూ ఎవరినీ పిలవరు.

పదీ ఇరవై అయింది. అతను కవరు తీసుకుని కోటు లోపలి జేబులో, చొక్కాకు ఆనించి పెట్టుకున్నాడు.

ఆరోజు పదకొండు ఇళ్ళు. లూకన్ దాటాక కాలువ వెంట దారి. సన్నటి తుంపర పడుతోంది, వానో పొగమంచో తెలియనంత సన్నగా. వైపర్లు తిరిగిన ప్రతిసారీ ఊరు కొత్తగా పుట్టి, మళ్ళీ కరిగిపోతోంది. ఒక ముసలాయన కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి చూపించాడు, పుస్తకాలు అందాయని. ఒక ఇంట్లో ఎవరూ రాలేదు, కర్టెను మాత్రం కదిలింది. ప్రతి గేటు దగ్గరా అతను వెనక్కి నడుస్తున్నాడు. వెనక్కి నడవడంలో ఎంత నేర్పు వచ్చిందంటే, ఈ మూడు నెలలూ తాను ముందుకు నడిచిన గుర్తే లేదనిపించింది. ఈరోజు అడుగుదామనుకున్నాడు. కుర్చీలు ఇంకా వేస్తారా టీచరమ్మా, అని. పందెం ఓడింది నేనే, చదివి వినిపించాలి కదా, అని. సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా ఆ మాట పెదవులతో కూర్చుకున్నాడు. మాస్కు లోపల ఎవరికీ కనిపించదు.

ఆడమ్స్‌టౌన్‌లో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆ ఇంటిని అతను పొట్టి గోడ మీద గ్లాసును బట్టి గుర్తుపట్టేవాడు. ఈరోజు గోడ మీద ఏమీ లేదు. ఒక ఇల్లు ముందుకు పోయి, వ్యాను వెనక్కి తీసుకొచ్చాడు.

గుమ్మం దగ్గర చాలా జతల చెప్పులున్నాయి. తలుపు తీసే ఉంది. లోపల బల్ల మీద చిన్న దీపం, పగటి వెలుతురులో దాని మంట కనిపించీ కనిపించనట్టుంది. సుధేష్ణ గుమ్మంలోకి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్లతో చూశాడు. ఇవాళ అవి లేవు. జుట్టు విరబోసుకుని ఉంది.

"గురువారం కదా, మీరొస్తారనుకుంటూనే ఉన్నాను, అంకుల్," అంది. "మంగళవారం రాత్రి నిద్రలోనే. కోవిడ్ కాదు. ఒట్టి గుండే. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు తీసుకెళ్ళారు. రేపు పొద్దున దహనం."

తుంపర చప్పుడు లేకుండా పడుతోంది. అతను గేటు దగ్గరే ఉన్నాడు. కోటు లోపల కవరు చొక్కాకు వెచ్చగా తగులుతోంది. సోమవారం, మంగళవారం. రెండు పగళ్ళు. వాటిని అతను తిమింగలం కింద పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"మంగళవారం పొద్దున కూడా అడిగింది. ఆయన రాయడం అయిందో లేదో ఫోన్ చెయ్యవే అని. నేను మీటింగులో ఉన్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "లోపలికి రండి."

నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. రూలు ఒప్పుకోదమ్మా. లేకపోతే, కాళ్ళు మట్టిగా ఉన్నాయమ్మా. అతను తన బూట్లకేసి చూశాడు. పొద్దున పాలిష్ చేసినవి, శుభ్రంగా ఉన్నాయి. వంగి తాళ్ళు విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది. వాటిని ఆ చెప్పుల మధ్యలో పెట్టి, గడప దాటాడు.

ముందు గదిలో కూర్చున్న నలుగురూ జరిగి దారి ఇచ్చారు. సుధేష్ణ అతన్ని వంటింట్లోంచి వెనక తోటలోకి తీసుకెళ్ళింది. చదరంగా గడ్డి. దాని మధ్య రెండు కుర్చీలు, ఎదురెదురుగా, తడిసిపోయి.

"సోమవారం వేయించింది. ఎప్పుడొస్తారో అని వానలో కూడా తీయనివ్వలేదు. మాకు తీయబుద్ధి కాలేదు."

సుధేష్ణ కూతురు ఉజ్వల కాఫీ తెచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. గొర్రెల బొమ్మలున్న పింగాణీ కప్పు ఇస్తూ, ఐరిష్ యాస ఇంగ్లీషులో సారీ అంది. స్టీలు గ్లాసు అమ్మమ్మది కదా, వేరే తీసి పెట్టామంది.

"ఆ గ్లాసు నాకోసం వేరే ఉంచినది కదమ్మా?"

పిల్లకు అర్థం కాలేదు. తల్లివైపు చూసింది.

"వేరేనా?" అంది సుధేష్ణ. "అది అమ్మ సొంత గ్లాసు అంకుల్. మొదటి జీతంతో కొనుక్కుంది. మా నాన్నను కూడా అందులో తాగనిచ్చేది కాదు. గురువారాలు మాత్రం మీకు పోసేది. మీరు కడిగి బోర్లించి వెళితే లోపలికొచ్చి కూర్చుండిపోయేది. నేనేం తప్పు చేశానే, ఆ మనిషి నా గ్లాసు పెదవికి ఆనించడు, అనేది."

ఉజ్వల లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చింది. కప్పులోని కాఫీని అందులోకి ఒంపి, అతనికి అందించింది. అతను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు, అరిగిపోయి. బి. లక్ష్మీకాంతం, 1966. పన్నెండు గురువారాలు అది అతని చేతుల్లో ఉంది.

అతను గ్లాసు పెదవికి ఆనించాడు. స్టీలు వేడిగా తగిలింది.

తరువాత ఒక కుర్చీలో కూర్చుని కవరు విప్పాడు. కరణం గారి భార్య గడియ తీసిన చోటు నుంచి మొదలుపెట్టాడు. బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా చదివాడు, ఒక్కో మాటా విడివిడిగా. ఉజ్వలకు తెలుగు చదవడం రాదు, వింటే తెలుస్తుంది. వంటింటి గుమ్మంలో గోడకు ఆనుకుని వింటోంది. 'లోపలికి రా నూకాలూ' అన్నప్పుడు ఆమె, "షీ కాల్డ్ హర్ ఇన్," అంది మెల్లగా.

"ఊఁ. మీ అమ్మమ్మే గెలిచింది," అన్నాడు.

నూకాలు వెళ్ళిపోయే చోటు కూడా చదివాడు, దాచలేదు. ముప్ఫై ఒకటో కాగితం అయిపోయాక కాగితాలన్నీ సర్ది ఉజ్వల చేతికిచ్చాడు. పిల్ల అందుకున్నప్పుడు ఇద్దరి వేళ్ళూ తగిలాయి. ముందు గదిలోంచి మళ్ళీ వెళ్ళి, చెప్పుల మధ్య బూట్లు వెతుక్కుని తొడుక్కున్నాడు. గేటు దాకా, ఈసారి ముందుకే చూస్తూ, నడిచాడు.

తోటలో ఎదుటి కుర్చీ చేతి మీద గ్లాసు బోర్లించకుండా నిలువుగానే ఉంది. అడుగున మిగిలిన గుక్కెడు కాఫీలో తుంపర ఒక్కొక్క చుక్కగా పడుతోంది.